భర్తతో పాటే పోయిన అనుమతి

2017 ఫిబ్రవరి 22, బుధవారం రాత్రి అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలాతేలో జరిగిన కాల్పుల్లో కూచిభొట్ల శ్రీనివాస్ ప్రాణం పోయింది. ముప్ఫై రెండేళ్ల వయసు. ఇంకో రెండు వారాలు గడిస్తే, మార్చి 9న, ముప్ఫై మూడో పుట్టినరోజు. ఆ చావు గురించి తెలుగునాట తెలియని వారు తక్కువ. అదే రాత్రి అతని భార్య దుమాల సునయనకు ఆ దేశంలో నిలబడే హక్కు కూడా పోయిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆమె గడువు మీరలేదు, పన్ను ఎగ్గొట్టలేదు, ఏ కాగితమూ దాచలేదు. భర్త చనిపోయాడు, అంతే. అతని వీసా ఆధారంగా ఆమెకిచ్చిన వీసాకు ఇక ఆధారం లేకుండా పోయింది. భర్తతో పాటు తన ఇమ్మిగ్రేషన్ స్టేటస్ కూడా ఆ రాత్రే పోయిందని ఆమె తర్వాత లోకానికంతటికీ వినపడేలా చెప్పుకుంది.

తాడేపల్లిలో కూర్చుని హైదరాబాద్ బిడ్డల కథ ఎందుకు చెబుతున్నావని ఎవరైనా అడగవచ్చు. బెజవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి దిగితే మా ఊరు. ఒక పక్క సీతానగరం, ఒక పక్క ఉండవల్లి గుహలు. మంగళగిరి దాటి ముందుకు పోతే గుంటూరు, ఆ పైన ప్రకాశం జిల్లా దాకా పత్తీ మిర్చీ పండించే పల్లెలు. మిర్చికి రేటు పలికిన ఏడాది పిల్లల ఎమ్మెస్ ఫీజులు కట్టి, పలకని ఏడాది పొలం తాకట్టు పెట్టిన తండ్రులు ఆ పల్లెల్లో ఎందరో. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి జీతం కంటే ముందు వచ్చే ప్రశ్నలు ఇక్కడ వేరు. ‘హెచ్‌వన్నా, గ్రీన్ కార్డా? ఐ140 అయిందా?’ ఐ140 అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు. విదేశాల్లో ఉన్న ఆంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఆఫీసు కూడా తాడేపల్లిలోనే ఉంది. పరాయి దేశంలో కన్నుమూసిన వారి భౌతికకాయాలను సొంతూరికి చేర్చడం ఆ సంస్థ చేసే పనుల్లో ఒకటి. దానికంటూ ఒక ప్రభుత్వ ఆఫీసు అవసరమైందంటే, శ్రీనివాస్, సునయనల కథ మనకు ఎంత దగ్గరిదో వేరే చెప్పనక్కర్లేదు.

అమెరికా సంబంధం కుదిరితే మా వైపు ఇళ్లలో ఒక ఫైలు మొదలవుతుంది. శుభలేఖ, తాళి కడుతున్న ఫోటో, ఇద్దరి వయసు రుజువులు పట్టుకుని, ముగ్గురు సాక్షులను వెంటబెట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోతారు. మ్యారేజ్ సర్టిఫికెట్ చేతికి రాగానే ఇంటిపేరు స్పెల్లింగ్‌ను పాస్‌పోర్టు పక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూస్తారు. ఒక అక్షరం తేడా వచ్చిందంటే మళ్లీ తిరగాలి. పెళ్లి ఆల్బమ్‌లోంచి రెండు వైపుల పెద్దలూ కనిపించే ఫోటోలు ఏరి పక్కన పెడతారు. తలంబ్రాల దగ్గర మేనత్త, అప్పగింతల్లో కళ్లు తుడుచుకుంటున్న తండ్రి, భోజనాల పంక్తిలో వియ్యంకులు. పెళ్లి ఉత్తుత్తిది కాదని పరదేశపు ఆఫీసరును నమ్మించడానికి ఇవన్నీ కావాలి. తర్వాత వీసా స్టాంపింగ్, ప్రయాణం. ఇంత జాగ్రత్తగా కట్టిన ఫైలులో ఒక ప్రశ్నకు మాత్రం జవాబు ఉండదు. భర్తకు ఏమైనా అయితే ఈ పిల్ల గతేమిటి? ఆ ప్రశ్న ఎవరి నోటా రాదు. అడగడమే అశుభం అనుకుంటాం.

శ్రీనివాస్ హైదరాబాద్ జేఎన్‌టీయూలో ఎలక్ట్రానిక్స్ చదివి 2005లో అమెరికా వెళ్లాడు. ఎల్ పాసోలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ చేశాడు. అయోవా రాష్ట్రంలో రాక్‌వెల్ కాలిన్స్‌లో కొన్నేళ్లు పనిచేసి, 2014లో ఒలాతేలోని గార్మిన్ కంపెనీకి మారాడు. విమానాల్లో వాడే పరికరాల మీద అతని పని. సునయన ముగ్గురు అక్కచెల్లెళ్లలో చిన్నది. 2006లో ఆర్కుట్ ద్వారా ఇద్దరికీ పరిచయమైంది. ఇల్లు దాటి ఎరగని తనకు అమెరికా వెళ్లి చదువుకునే ధైర్యం ఇచ్చింది అతనేనని ఆమె రాసుకుంది. 2007లో విద్యార్థినిగా వెళ్లింది. 2012లో పెళ్లయింది.

ఒలాతేలో ఇల్లు కొనుక్కున్నారు. గోడలకు రంగులు శ్రీనివాసే వేశాడు. గ్యారేజీ తలుపు తన చేతులతోనే బిగించాడు. పుట్టబోయే పిల్లల కోసం కూడా ఆలోచించి కట్టుకున్న సంసారం అది. అతను పోయేనాటికి పిల్లల కోసం డాక్టరును కలిసి వచ్చి కొన్ని వారాలే అయింది. కొన్నేళ్ల విరామం తర్వాత సునయన 2016 మేలో ఉద్యోగంలో చేరింది. భార్య మళ్లీ తన కాళ్ల మీద నిలబడినందుకు అతను ఎంత పొంగిపోయాడో ఆమె తర్వాత తలుచుకుని ఏడ్చింది. ఏ ఇంట్లోనైనా ఇంతకంటే కోరుకునేదేముంటుంది?

ఆ సంసారం నిలబడ్డ పునాది ఎలాంటిదో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. హెచ్1బి అనే ఉద్యోగ వీసా మీద పనిచేసే వారి భార్యకో భర్తకో ఇచ్చేది హెచ్4. అది ఆ మనిషి చదువును బట్టి, పనిని బట్టి వచ్చేది కాదు. ఫలానావారి భార్య కాబట్టి ఉండనిస్తున్నాం అని దాని అర్థం. 2015 దాకా హెచ్4 మీద ఉన్నవారికి ఉద్యోగం చేసే వీలే లేదు. ఆ ఏడాది మే 26న అమల్లోకి వచ్చిన నిబంధన, గ్రీన్ కార్డు దారిలో కొంత దూరం నడిచిన హెచ్1బి ఉద్యోగుల జీవిత భాగస్వాములకు పని అనుమతి ఇచ్చింది. అందరూ హెచ్4 ఈఏడీ అనేది దాన్నే. సునయన ఉద్యోగం ఆ అనుమతి పుణ్యమే. అంటే ఆమె ఉండటం, ఆమె పని, ఆమె జీతం అన్నీ శ్రీనివాస్ వీసాతోనే ముడిపడి ఉన్నాయి.

ఈ ఆధారపడటం కొన్నాళ్లే ఉంటే ఎవరైనా ఓర్చుకుంటారు. అమెరికా 1990లో చేసిన చట్టం ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులను ఏడాదికి 1,40,000 దగ్గర కట్టేసింది. ఒక్కో దేశంలో పుట్టినవారికి మామూలుగా 7 శాతం మించనివ్వదు. భార్యాపిల్లలకిచ్చే కార్డులు కూడా ఆ లెక్కలోనే పడతాయి. చిన్న దేశంవాడికైనా వంద కోట్లు దాటిన దేశంవాడికైనా ఒకటే కొలత. 2017 ఫిబ్రవరిలో ఎమ్మెస్ చదివినవారు నిలబడే రెండో కేటగిరీలో భారతీయుల వంతు 2008లో దరఖాస్తు పడినవారి దగ్గర నడుస్తోంది. గ్రీన్ కార్డు వరుసలో నిలబడిన లక్షల మంది భారతీయుల్లో శ్రీనివాస్ ఒకడు. ఆ వరుస కదిలి ఉంటే భార్యాభర్తలిద్దరి చేతుల్లో ఎవరి కార్డు వారికి ఉండేది. భర్త పోయినా ఆమె కార్డు ఆమెకు ఉండేది.

ఆ బుధవారం పని ముగించుకుని శ్రీనివాస్, అతని సహోద్యోగి మాడసాని అలోక్ ఎప్పుడూ వెళ్లే ఆస్టిన్స్ బార్ అండ్ గ్రిల్‌కు వెళ్లారు. ఆరుబయట కూర్చున్నారు. యాభై ఏళ్లు దాటిన ఒక తెల్లవాడు వాళ్ల దగ్గరికొచ్చి దుర్భాషలాడాడు. ఏ వీసా మీద ఉన్నారు, దొంగతనంగా ఉంటున్నారా అని నిలదీశాడు. పక్కనున్నవారు అతన్ని బయటికి పంపించారు. వాడు తుపాకీతో తిరిగొచ్చాడు. తన దేశం నుంచి పొమ్మని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. అలోక్ గాయాలతో బతికాడు. అక్కడే ఉన్న ఇరవై నాలుగేళ్ల ఇయాన్ గ్రిల్లట్ హంతకుడిని పట్టుకోబోయి తానూ తూటా తిన్నాడు. పరిచయమైనా లేని ఇద్దరి కోసం ప్రాణానికి తెగించిన ఆ కుర్రాడికి తెలుగువాళ్లం ఎంత రుణపడి ఉన్నామో చెప్పలేను.

ఏ వీసా మీద ఉన్నారని హంతకుడు అడిగాడు. అడగడానికి వాడికి ఏ హక్కూ లేదు. వాడు చంపేసిన మనిషి భార్యను మర్నాటి నుంచి చట్టం అదే ప్రశ్న అడిగింది. అడిగే హక్కు దానికి ఉంది. ఈ రెండూ ఒకటని అనను. కానీ ఆ ఇల్లాలు రెండు ప్రశ్నలనూ ఒకే వారంలో మోయాల్సి వచ్చింది.

కల్లంలో ఆరబోసిన మిర్చి మీద అకాల వాన పడితే ఏడాది కష్టం ఒక్క పూటలో నల్లబడుతుంది. ఆమెకు అదే జరిగింది. ఫిబ్రవరి 24న గార్మిన్ కంపెనీలో విలేకరుల ముందు నిలబడి, మేం ఇక్కడివాళ్లమేనా అని మనసులో మెదిలే ప్రశ్నను బయటపెట్టింది. కాల్పుల వార్తలు చదివినప్పుడల్లా మనం ఇక్కడ ఉండటం సరేనా అని తాను భయపడేదాన్నని, అమెరికాలో మంచే జరుగుతుందని భర్త ధైర్యం చెప్పేవాడని చెప్పింది. ఆ మాట చెప్పినవాడు లేడు. ఆ మాట నమ్మినామె మిగిలింది.

27వ తేదీ రాత్రి శ్రీనివాస్ భౌతికకాయం శంషాబాద్ చేరింది. 28న జూబ్లీహిల్స్ మహాప్రస్థానంలో దహనం. కొడుకు పెళ్లి చేసిన చేతులతోనే అంత్యక్రియలు జరిపించాల్సి వచ్చిన తల్లిదండ్రుల దుఃఖం ఏ తెలుగు ఇంటికీ రాకూడదు. సునయన భర్త వెంట స్వదేశం వచ్చింది. తిరిగి వెళ్లడానికి ఆమె దగ్గర చెల్లే వీసా లేదు. ఒలాతేలో భర్త రంగులు వేసిన ఇల్లుంది. తన ఉద్యోగం ఉంది. హంతకుడి మీద కేసు నడవాల్సిన కోర్టు ఉంది. అవన్నీ ఉన్న చోటికి పోవడానికి ఆమెకంటూ ఒక దారి లేదు. మన ఇళ్లలో భర్త పోయిన స్త్రీని పసుపు కుంకుమలు లేవని ఒకప్పుడు పక్కకు తోశారు. వీరేశలింగం గారి కాలం నుంచి దానితో పోరాడుతూ వచ్చాం. సముద్రాల అవతల, ఎంతో ముందుకు పోయిందనుకున్న దేశపు చట్టంలోనూ భర్తతోపాటు భార్య స్థానం చెరిగిపోతుందంటే ఏమనాలి?

ఆ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ జోక్యం చేసుకున్నాడు. ఆయన రిపబ్లికన్. విద్వేషానికి బలైనవాడి భార్యను దేశం నుంచి పంపడం తగదని ఆయన పట్టుబట్టాడు. ఆయన ఆఫీసు చొరవతో ఆమె తిరిగి వెళ్లగలిగింది, తాత్కాలికంగా పని అనుమతి దొరికింది. తర్వాత సొంతంగా హెచ్1బి కోసం ప్రయత్నం మొదలైంది. 2018 జనవరి 30న అధ్యక్షుడి స్టేట్ ఆఫ్ ది యూనియన్ ప్రసంగానికి యోడర్ అతిథిగా ఆమె హాజరైంది. ‘ఫరెవర్ వెల్‌కమ్’ పేరుతో వలస వచ్చినవారికీ స్థానికులకూ మధ్య స్నేహం పెంచే పని చేపట్టింది. ఆమె గుండె నిబ్బరానికి చేతులెత్తి మొక్కాలి. కానీ ఒక ప్రజాప్రతినిధి కనికరిస్తే నిలబడటం, హక్కుగా నిలబడటం రెండూ ఒకటి కావు. వార్తల్లోకి ఎక్కని వితంతువుల కోసం ఏ యోడర్ ఫోన్ చేస్తాడు? రోడ్డు ప్రమాదంలోనో, గుండెపోటుతోనో భర్తను పోగొట్టుకున్న హెచ్4 ఇల్లాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. శవపేటికతో పాటే పిల్లల్ని తీసుకుని తిరిగొచ్చే వారి బాధ ఏ పత్రికలోనూ పెద్ద అక్షరాల్లో రాదు.

హంతకుడికి శిక్ష పడింది. 2018 మేలో కాన్సస్ కోర్టు జీవిత ఖైదు వేసింది. అదే ఏడాది ఆగస్టులో విద్వేష నేరం కింద ఫెడరల్ కోర్టు మూడు జీవిత ఖైదులు విధించింది. నేరం విషయంలో న్యాయం తన పని చేసింది. గ్రీన్ కార్డు వరుస విషయంలో చేయలేదు. దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లును యోడర్ భుజాన వేసుకున్నాడు, సునయన వాషింగ్టన్ వెళ్లి మరీ దాని కోసం మాట్లాడింది. ఆ బిల్లు ముందే చట్టమై ఉంటే తమ గతి ఇలా ఉండేది కాదన్నది ఆమె ఆవేదన. 2018 నవంబరు ఎన్నికల్లో యోడర్ ఓడిపోయాడు. 2019 జూలై 10న ప్రతినిధుల సభ ఆ బిల్లును 365-65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది. రెండు రూపాలనూ కలిపి ఒక చట్టం చేసే లోపే ఆ సభల గడువు తీరిపోయింది. అంత దూరం వచ్చిన ఆశ చివరి మెట్టు మీద పడిపోయింది.

వితంతువును ఆదుకోవడం చట్టానికి చేతగాక కాదు. అమెరికా పౌరుణ్ని పెళ్లాడిన స్త్రీ విషయంలో ఇలాంటి క్రూరత్వమే ఒకప్పుడు ఉండేది. పెళ్లయి రెండేళ్లు నిండకుండా, దరఖాస్తు తేలకుండా భర్త చనిపోతే ఆ దరఖాస్తూ అతనితోనే పోయేది. దాన్ని వితంతువుకు వేసే జరిమానా అన్నారు. ఎందరో కోర్టుల్లో కొట్లాడాక 2009 అక్టోబరు 28న వచ్చిన చట్టం దాన్ని రద్దు చేసింది. పౌరుడి భార్య భర్త పోయిన రెండేళ్ల లోపు తన పేరు మీదే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అదే చట్టం ఉద్యోగం ద్వారా పడిన దరఖాస్తుల్లో భార్యాపిల్లలకూ కొంత రక్షణ ఇచ్చింది. ఉద్యోగి చనిపోయే నాటికి అమెరికాలో నివసిస్తూ, ఆ తర్వాతా అక్కడే ఉన్నవారి దరఖాస్తును చావు కారణంగా కొట్టేయకుండా పరిశీలించే వీలు కల్పించింది. వినడానికి గొప్పగా ఉంది. కానీ ఆ నిబంధన ఎదురుచూసే కాలానికి స్టేటస్ ఇవ్వదు. వంతు రావడానికి పది, పదిహేనేళ్లు పట్టే భారతీయురాలు అన్నేళ్లూ అక్కడ ఏ హక్కుతో ఉంటుంది? దరఖాస్తు బతికి ఉంటుంది, దరఖాస్తుదారుకు మాత్రం నిలువ నీడ ఉండదు.

కెనడా ఇంకో దారి చూపించింది. భార్యనో భర్తనో స్పాన్సర్ చేసి పిలిపించుకున్న సందర్భాల్లో కొందరికి రెండేళ్లు కలిసి ఉంటేనే శాశ్వత నివాసం నిలిచేలా 2012లో అక్కడ షరతు పెట్టారు. కొట్టే భర్తతో కూడా రెండేళ్లు ఓర్చుకోమని చెప్పినట్టయింది. ఆ షరతును 2017 ఏప్రిల్‌లో ఎత్తేశారు. శ్రీనివాస్ పోయి అప్పటికి రెండు నెలలు. ఒక దేశం స్త్రీ నివాసపు హక్కును ఆమె సంసారం నుంచి విడదీయగలిగింది. పక్క దేశం కూడా తలుచుకుంటే చేయగలదు.

చేయాల్సింది పెద్దదేం కాదు. వరుసలో ఉన్న ఉద్యోగి చనిపోతే, ఆ వరుస తేలేదాకా భార్యాపిల్లలకు ఉండే హక్కు, పనిచేసే హక్కు వాటంతట అవే కొనసాగాలి. ఎవరి సిఫారసూ అక్కర్లేకుండా కొనసాగాలి. అమెరికాలో ఓటు హక్కు ఉన్న తెలుగువారు వేలల్లో ఉన్నారు. ఏటా సభలు పెట్టి సినిమా తారలను పిలిపించుకునే మన సంఘాలు ఈ ఒక్క కోరికను తమ ప్రతినిధుల ముందు పెట్టి అడుగుతూనే ఉండాలి.

ఇక్కడ మన ఇళ్లలోనూ చేయాల్సింది ఉంది. తాడేపల్లి తల్లిదండ్రులకు దండం పెట్టి చెబుతున్నాను. అమ్మాయికి అమెరికా సంబంధం చూసినప్పుడు అబ్బాయి ఐ140 గురించి అడిగిన నోటితోనే, అమ్మాయి చదువు అక్కడ దేనికి పనికొస్తుందో, తన పేరు మీద వీసా తెచ్చుకునే దారి ఏదో అడగండి. కంపెనీ వేసిన ఐ140 నోటీసు కాపీ, పాత హెచ్1బి కాగితాలు, ఇద్దరి ఐ94 ప్రవేశ పత్రాలు, ఇన్సూరెన్స్ వివరాలు ఆమె చేతిలోనూ ఒక సెట్టు ఉండాలి. ఆమె పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలి. మంచి ఇమ్మిగ్రేషన్ లాయరు నంబరు ఆమె ఫోన్‌లో ఉండాలి. ఇవి మాట్లాడటం అశుభం కాదు. కన్నబిడ్డ బతుకు గురించి మాట్లాడటం అశుభం ఎలా అవుతుంది? మాట్లాడకపోవడం వల్లే కష్టం వచ్చిన నాడు ఆమె దిక్కుతోచక నిలబడాల్సి వస్తోంది.

శ్రీనివాస్‌ను ఎవరూ తిరిగి తేలేరు. అతని భార్య గుండె దిటవు చేసుకుని, అడగాల్సినవన్నీ ఆ దేశాన్ని అడిగింది. ఆ అడగడాన్ని ఆమె ఒక్కదానికే వదిలేయడం మనకు మర్యాద కాదు. పరాయి గడ్డ మీద సంసారం పెట్టిన ప్రతి తెలుగు ఆడపిల్లకూ తన పేరు మీద, తన హక్కుగా చోటు దక్కాలి. దక్కేదాకా అడుగుదాం.